బొటనవేలు

లచ్చివారం సంతకి పొద్దున్నే
కొండ దిగి వస్తారు సవరలు,
చింతపండు, కొండచీపుళ్లు, పసుపు కొమ్ములు
నెత్తిన పెట్టుకుని.
వంశధార మీద మంచు అప్పటికింకా లేవదు.
గుణుపురంలో మా కొట్టు
రైలుగేటుకి ఇవతల, రైసుమిల్లుకి అవతల.
మా కొట్టంటే మా చిన్నాన్నది.
కరెంటు కాటా కూడా ఆయనదే.
బేరం ఒడియాలో, గొణుగుడు సవరలో,
చీటీ మాత్రం తెలుగులో.
రాసేది నేను.

సంఘంలో పెద్ద మా పరంజ్యోతి చిన్నాన్న.
ఆయన ప్రార్థన ఎత్తుకుంటే
ముసలమ్మలు ముక్కు చీదుకుంటారు.
ఆయన కన్నీళ్లు దొంగవని నేను చెప్పను.
కానీ తట్ట అంచు కింద
ఆ బొటనవేలు ఎక్కడ ఆనుతుందో
పదేళ్లుగా నాకు తెలుసు.
పది కిలోల బుట్ట తొమ్మిదవుతుంది.
"దారిలో ఎండిపోనాది తల్లీ, ఎండలు సూడు" అంటాడు,
మాఘమాసంలో కూడా.

పాము గురించీ పావురం గురించీ
పాస్టరుగారు ఏటా ఒకసారైనా చెబుతారు.
వినడానికి బాగుంటుంది.
పాముని నేను చింతపండు కుప్పలో చూశాను:
చల్లదనం వెతుక్కుని, చుట్ట చుట్టుకుని,
ఎవరినీ ఏమీ అనకుండా.
పావురాల్ని మిల్లు రేకుల మీద చూశాను:
ఒక్క గింజ కోసం పొడుచుకు చస్తాయి.
ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలో
నాకైతే అక్కడే తికమక.

ఆ ఏడు ఎమీమా వచ్చింది.
గొమాంగోల పిల్ల, పద్నాలుగేళ్లుంటాయి.
నా పేరు కెజియా అంటే నవ్వింది,
ఇద్దరం యోబు కూతుళ్లమే కదా.
(ఆ అందం ఇద్దరికీ రాలేదు, అది వేరే సంగతి.)
తొమ్మిదని చీటీ రాసిస్తుంటే
నా కలం మొన దగ్గర ఆగింది దాని చూపు.
ఏమీ అడగలేదు.
ఆ అడక్కపోవడమే
రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.

నలుగురిలో చిన్నాన్న చెయ్యి పట్టుకుని లాగొచ్చు.
లాగితే వాళ్లు ఇంకో కొట్టుకి పోతారు,
అక్కడా ఒక బొటనవేలు ఉంటుంది.
లేదా కళ్లు మూసుకుని పాట పాడుకోవచ్చు.
అలాగే కదా, పదేళ్లు
ఆల్టో వరసలో ముందు నిలబడి పాడాను.

మరుసటి లచ్చివారం రైలుగేటు దగ్గరే కాపేసి
పిల్ల చేతిలో లీటరు నీళ్ల బాటిలు పెట్టాను.
"ముందు ఇది తూయించు. లీటరు నీళ్లు కిలో.
ఇంకేమీ అనకు."

తూయించింది.
వేలు అలవాటున తన చోటికి తను పోయింది.
ఎర్రంకెలు వెలిగాయి: ఆరువందల నలభై.
పిల్ల వంగి చూసింది.
అనొద్దన్నది మరిచిపోయి, నిజంగానే ఆశ్చర్యపడి
"నీళ్లు కూడా దారిలో ఎండిపోతాయా మామా?" అంది.
వెనక ఎవరో సవరలో ఏదో అన్నారు.
నవ్వు బుట్ట మీంచి బుట్ట మీదకి పాకింది.
చిన్నాన్న కూడా నవ్వాడు.
వేలు జేబులోకి వెళ్లింది.
ఆ రోజంతా పది పదే.

షట్టరు సగం దించి అడిగాడు:
"కెజీ, బాటిలు నువ్వే ఇచ్చినావా?"
లేదనడానికి దారుంది.
బళ్లో నేర్పారేమో అనొచ్చు.
పాము దూరే కలుగు, సరిగ్గా నా కొలతకే.
"నేనే చిన్నాన్నా."
గొంతు ఎండిపోయింది,
దారిలో నీళ్లలాగే.
ఆయన తాళం వేసుకుని వెళ్లిపోయాడు.
మూడు వారాలు మాటల్లేవు.
చీటీల పుస్తకం తనే రాసుకున్నాడు,
అక్షరాలు వంకరగా.

నెల మొదటి ఆదివారం, బల్ల.
రొట్టె విరిచి వరసల్లో ఇచ్చేది ఆయనే.
నా ముందు ఆగాడు.
అదే బొటనవేలు,
గోటి సందున చింతపండు నలుపు,
ముక్క తుంచింది.
అందరి ముక్కలకంటే కొంచెం పెద్దది.
క్షమాపణో, లంచమో,
వయసు మీద పడిన చేతి వణుకో.
తూచబోయి ఆగాను.
నోట్లో పెట్టుకున్నాను.